నేను చూడని పాదాలు

పోస్టుకు చేరేసరికి పగలు పదకొండున్నర అయింది. డెబ్బై ఆరు, అక్టోబరు నెల. కింది క్యాంపు నుండి తెల్లవారుజామున బయల్దేరాం. పదకొండు మందిమి. అందరం ఒకే తాడుకు కట్టుకుని నడిచాం. పది అడుగులు వేయడం, ఆగడం, ఊపిరి పీల్చడం. మళ్లీ పది అడుగులు. ఎత్తు పదహారు వేల అడుగుల పైచిలుకు అని చెప్పారు. ఉత్తరాన సరిహద్దు కొండ. పోస్టు పేరు రాయను.

రాళ్లు పేర్చి, పైన రేకులు వేసి, రేకుల మీద మట్టి సంచులు పెట్టిన రెండు గదులు. వాటినే బంకర్లు అంటారు. ఒకటి పడుకోవడానికి. ఇంకొకటి వంటకు, రేడియోకు. ముందు లోయ. లోయ అవతల ఇంకో కొండ. దాని మీద వాళ్ల పోస్టు. వాళ్లను చూస్తూ ఉండడం మా పని. నేనున్నన్ని రోజులూ ఒక్క తూటా పేలలేదు. యుద్ధం గురించి వినాలనుకునేవాళ్లకు ఇందులో ఏమీ దొరకదు.

ఇప్పుడు నేను బాన్సువాడ దవాఖానలో పట్టీలు కడతాను. నర్సు పని, కంపౌండరు పని నేర్చుకోవడానికి కొత్త పిల్లలు వస్తున్నారు. మొదటి రోజు వాళ్లకు నాలుగు మాటలు చెప్పమని పెద్ద సిస్టరమ్మ అడిగింది. నిలబడ్డాను. నోట మాట రాలేదు. అందుకని రాస్తున్నాను. ఐదో తరగతి వరకే చదివాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

నేను డాక్టర్ని కాను. తుపాకీ సిపాయిని. పటాలం వాళ్లు నన్ను ఎనిమిది వారాల ప్రథమ చికిత్స శిక్షణకు పంపారు. అక్కడ మాకు పాఠం చెప్పిన హవల్దారు పుస్తకం తెరిచేవాడు కాదు. పేషంటు పేరు పేషంటు నోటితోనే చెప్పించు అనేవాడు. ఊపిరి లెక్కపెడితే నిమిషం నిండా లెక్కపెట్టు, పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించకు అనేవాడు. ముట్టుకునే ముందు చేతులు కడుక్కో, ముట్టుకున్నాక కూడా కడుక్కో అనేవాడు. ఆఖరి రోజు ఒక్క మాట చెప్పాడు. చూసిందే రాయి, చూడనిది రాయకు. పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. నాకు పూర్తి మార్కులు వచ్చాయి.

శిక్షణ అయ్యాక ఒక సంచి ఇచ్చారు. పట్టీలు పన్నెండు. కాలిన గాయాల మందు నాలుగు ట్యూబులు. నొప్పి మాత్రలు. కత్తెర. థర్మామీటర్లు రెండు. ఒకటి రెండో వారమే చలికి పగిలింది. ఒక గళ్ల నోట్‌బుక్కు. పోస్టులో అందరూ నన్ను డాక్టర్ సాబ్ అని పిలిచేవాళ్లు. సగం ఎగతాళి, సగం నిజం.

పోస్టుకు పెద్ద సుబేదారు. నలభై దాటిన మనిషి. అతని ఎడమ చెవి పై అంచు లేదు. ఇంకో పోస్టులో ఇంకో చలికాలం తినేసింది. చేరిన రోజే మమ్మల్ని కూర్చోబెట్టి ఆర్డరు చెప్పాడు. అక్కడ మాటలన్నీ హిందీలోనే. తెలుగు చేసి రాస్తున్నాను.

"ఇక్కడ శత్రువు అవతలి కొండ మీద లేడు. మీ బూట్లలో ఉన్నాడు. ప్రతి మనిషికీ ఒక జోడీ. రోజూ సాయంత్రం నాలుగు గంటలకు బూట్లు, సాక్సులు విప్పాలి. జోడీ పాదాలు జోడీ ఒడిలో పెట్టుకోవాలి. ఒక్కో వేలు నొక్కాలి. నొక్కితే తెల్లబడుతుంది. వదిలితే రెండు లెక్కపెట్టేలోపు ఎర్రబడాలి. పడకపోతే నాకు చెప్పాలి. దూరం నుండి చూసేది చూడడం కాదు. డాక్టర్ సాబ్, నువ్వు అందరివీ అడిగి రోజూ రాయాలి."

వంట సిపాయి చేయి ఎత్తాడు. "సాబ్, వీడి సాక్సులు వాసన పీల్చి చచ్చిపోతే పింఛను వస్తుందా?"

"నీ వంట తిని చావనివాడు ఏ వాసనకూ చావడు," అన్నాడు సుబేదారు.

అందరం నవ్వాం. ఆ ఎత్తులో నవ్వితే ఆయాసం వస్తుంది. నవ్వి, దగ్గి, ఊపిరి కోసం కూర్చున్నాం.

తను పోగా మిగిలిన పది మందినీ సుబేదారు భాష చూసి జోడీలు కట్టాడు. భాష కలిస్తే మనిషి నొప్పి దాచుకోడని అతని లెక్క. నాకు రేడియో సిపాయి వచ్చాడు. పేరు సాయిలు. ఇరవై రెండేళ్లు. నాకప్పుడు ముప్పై ఒకటి.

అతను నాకు కింది క్యాంపులోనే తెలుసు. లారీ దిగుతూ నేను చలికి ఏదో గొణిగాను. వెనక నుండి గొంతు వినపడింది.

"అన్నా, తెలుగోనివా? ఏ ఊరు?"

"బాన్సువాడ."

"అరే! మాది నస్రుల్లాబాద్ పక్కపొంటి ఊరే. కాలువ కింద పొలం మాది. గింత దూరమొచ్చి మనోడు దొరికిండు సూడు. ఇగ నాకు ఫికర్ లేదు."

ఆ ఊరు, కాలువ కింద పొలం అనగానే ఏ ఇల్లో నాకు తెలిసింది. పెద్ద వాకిలి ఉన్న ఇల్లు. ఎనిమిది ఎడ్ల వ్యవసాయం. మా నాయన అలాంటి ఇళ్లలో పాలేరుగా జీతం ఉన్నాడు. చిన్నప్పుడు నాయనకు సద్ది తీసుకుపోతే నేను వాకిలి బయటే నిలబడేవాడిని. ఆ సంగతి సాయిలుకు చెప్పలేదు. అతను అడగలేదు. మొదటి రోజు నుండీ అన్న అనే పిలిచాడు. ఆ ఇంటి కొడుకు నోట ఆ మాట వింటుంటే నాకు బాగుండేది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ ఇది రాయకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు.

మొదటి సాయంత్రం నాలుగు గంటలకు అందరం బూట్లు విప్పాం. సాయిలు ముందు నా పాదాలు ఒడిలోకి లాక్కున్నాడు. పది వేళ్లు నొక్కాడు. ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టాడు. మడమలు కూడా చూశాడు. తర్వాత నేను చేయి చాపాను. అతను కాళ్లు ముడుచుకున్నాడు.

"ఏంది అన్నా, నువ్వు నా కాళ్లు పట్టుడేంది? పెద్దోనివి. నాకు పాపం తగులుతది."

"ఆర్డరురా. పెట్టు ఒడిల."

"మా అవ్వకు తెలిస్తే సంపుతది. గిదిగో సూడు, గీడ నుంచే సూడు. మంచిగున్నయ్ గదా?"

సాక్సు సగం కిందికి లాగి చూపించాడు. బంకరులో వెలుతురు తక్కువ. పాదం మామూలుగానే కనిపించింది.

అప్పుడే గట్టిగా లాక్కోవాలి. లాక్కోలేదు. మా వైపు పెద్దవాడు చిన్నవాడి కాళ్లు పట్టడు. పట్టమని ఎవరూ అడగరు. నా వేళ్లకు కూడా ఆ అలవాటే ఉంది. దాని వెనక ఇంకొకటి. అతను నన్ను పెద్దవాడిని చేశాడు. ఆ పెద్దరికం పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. నోట్‌బుక్కులో అతని పేరు ఎదురుగా టిక్కు పెట్టాను.

నవంబరు అంతా అలాగే నడిచింది. అతను నా పాదాలు ఒడిలో పెట్టుకుని చూసేవాడు. నేను అతనివి మూడు అడుగుల దూరం నుండి చూసేవాడిని. డిసెంబరు వచ్చేసరికి సాక్సు లాగడం కూడా పోయింది.

"మంచిగున్నయారా?"

"మంచిగున్నయ్ అన్నా."

టిక్కు.

రేడియో పని ఎలా ఉండేదో చెప్పాలి. ఒక పెట్టె మీద రేడియో. ఇంకో పెట్టె మీద సాయిలు. కాళ్లు రాతి నేల మీద. నాలుగు గంటలు కదలకుండా కూర్చోవాలి. మధ్యలో గాలికి బయటి తీగ మీద మంచు పేరుకుంటుంది. మాట అందదు. అప్పుడు అతను పరుగున పోయి, గుట్ట ఎక్కి, కర్రతో కొట్టి మంచు రాల్చి రావాలి. ఎక్కితే చెమట పడుతుంది. సాక్సులు తడుస్తాయి. వచ్చి మళ్లీ కదలకుండా కూర్చుంటాడు. తడి సాక్సు, కదలని కాలు, చల్లని నేల. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో నాకు శిక్షణలో చెప్పారు. నాకు తెలుసు. తెలిసి కూడా ముట్టుకుని చూడలేదు.

జనవరిలో గాలివాన లాంటి మంచు మొదలైంది. ఐదు రోజులు ఆగలేదు. పోస్టు వాకిలి రోజుకు మూడుసార్లు పారతో తవ్వుకున్నాం. కిరసనాయిలు పొయ్యి ఒక్కటే వెలిగించాం. దాన్ని బుఖారీ అంటారు. సాయిలు రోజుకు ఐదారుసార్లు తీగ దగ్గరికి పోయాడు. మూడో రోజు అతను కాళ్లు నేలకేసి కొడుతూ కూర్చున్నాడు.

"ఏమైందిరా?"

"తిమ్మిర్లు అన్నా. సూదులు గుచ్చినట్టు అయితుంది."

"విప్పు, చూస్తా."

"డ్యూటీ దిగినంక సూద్దువులే. గిప్పుడు కిందికెల్లి మెసేజ్ అస్తుంది."

డ్యూటీ దిగాక నేను వాకిలి తవ్వుతున్నాను. తవ్వడం అయ్యాక వచ్చి ఐదు నిమిషాల్లో అందరి పేర్లకూ టిక్కులు పెట్టాను. పదకొండు టిక్కులు. నాలుగో రోజు కూడా పదకొండు.

ఐదో రోజు పొద్దున ఆరు నలభైకి సాయిలు బంకరులోకి వచ్చాడు. గడప దగ్గర తూలాడు. పట్టుకున్నాను. నవ్వుతున్నాడు.

"అన్నా, నొప్పి పోయింది. పురాగ మంచిగైంది."

ఈ పని నేర్చుకునే పిల్లలు ఈ మాట దగ్గర ఆగాలి. మందు ఇవ్వకుండా, ఏమీ చేయకుండా నొప్పి పోయిందని పేషంటు అంటే సంతోషపడకండి. నొప్పి చెప్పే నరం చచ్చిపోయి ఉండవచ్చు.

"కూసో. బూట్లు విప్పు."

"ఎందుకన్నా, మంచిగైందంటున్న గదా."

ఆ రోజు అతని మాట వినలేదు. నేనే విప్పాను. సాక్సు రాలేదు. చర్మానికి అంటుకుని ఉంది. కత్తెరతో కోశాను. కుడి పాదం ఐదు వేళ్లు, వాటి వెనక నాలుగు చేతివేళ్ల వెడల్పు మేర. ఎడమ పాదానికి ఐదు వేళ్లే. మైనంలా తెల్లగా ఉన్నాయి. నొక్కితే నొక్కుపడలేదు. గోటితో కొట్టాను. చెక్క మీద కొట్టిన చప్పుడు వచ్చింది.

సాయిలు ఆ చప్పుడు విన్నాడు. నవ్వు ఆగిపోయింది.

సుబేదారు వచ్చి చూశాడు. తన చెవిని ఒకసారి తడుముకున్నాడు. "కిందికి చెప్పు," అన్నాడు.

కిందికి చెప్పాలంటే రేడియో. రేడియో సరిగ్గా తెలిసినవాడు ఒక్కడే. రెండు కాళ్లకూ దుప్పటి చుట్టి సాయిలును పెట్టె మీద కూర్చోబెట్టాం. అతనే మాట్లాడాడు. కింది క్యాంపులో కెప్టెన్ డాక్టరు లైను మీదికి వచ్చాడు.

"ఒక పేషంటు. రెండు పాదాలకూ మంచు కొట్టింది. ఓవర్."

"గట్టిగా ఉన్నాయా, మెత్తగా ఉన్నాయా? ఓవర్."

"చెక్కలాగా ఉన్నాయి. ఓవర్."

"వేడి తగిలించారా? ఓవర్."

"లేదు. ఓవర్."

"తగిలించొద్దు. హెలికాప్టర్ ఇంకో మూడు రోజులు రాదు. నడిపించుకుని రండి. గడ్డకట్టిన పాదంతో మనిషి నడవగలడు. కరిగిన పాదంతో నడవలేడు. కరిగి దారిలో మళ్లీ గడ్డకడితే మొత్తం పోతుంది. అర్థమైందా? ఓవర్."

"అర్థమైంది. ఓవర్."

"పేషంటు ఎవరు? ఓవర్."

సాయిలు మీట నొక్కాడు.

"నేనే సాబ్. ఓవర్."



బయల్దేరడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలు నాకు చాలా పొడవు. బుఖారీ మీద చాయ్ కోసం పెద్ద గిన్నెలో నీళ్లు కాగుతున్నాయి. సాయిలు ఆ గిన్నెనే చూస్తున్నాడు. మా వైపు చలికాలం పొద్దున పొలం నుండి వస్తే ముందు మంట దగ్గర కాళ్లు పెడతారు. పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది.

"అన్నా, ఒక్క లోటెడు నీళ్లు పొయ్యరాదా? కాళ్లకు పానం అస్తది."

"పొయ్యొద్దురా. ఇన్నవ్ గదా సాబ్ చెప్పింది."

"జరంత. నీ కాళ్లు మొక్కుత."

వంట సిపాయికి భాష తెలియదు. కానీ చూపు అర్థమైంది. మగ్గు ముంచాడు.

"రెండు మగ్గుల నీళ్లు పోస్తే నీ సొమ్మేం పోతుంది డాక్టర్ సాబ్? పిల్లవాడు అడుగుతున్నాడు కదా."

"మగ్గు పెట్టెయ్."

"నీ ఊరివాడే కదా. నువ్వు మనిషివా, రాయివా?"

గిన్నె పట్టుకుని బయటికి పోయి మంచులో పారబోశాను. ఆవిరి లేచింది. లోపలికి వచ్చి పొయ్యి ఆర్పాను. వంట సిపాయి నా ముఖం చూడలేదు. సాయిలు కూడా చూడలేదు. ఆ పోస్టులో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే. అందరూ నన్ను తిట్టుకున్నది కూడా దానికే.

పొడి సాక్సులు రెండు జతలు తొడిగాను. బూట్ల తాళ్లు వదులుగా కట్టాను. ఏడు యాభైకి బయల్దేరాం. ఆరుగురం. సాయిలు నా ముందు, నేను అతని వెనక. నా చేయి అతని నడుము పట్టీ మీద. కింది క్యాంపు దాకా అంతా కొండ అంచు దారే. ఒక్క మనిషి మాత్రమే పడతాడు. స్ట్రెచర్ పట్టదు. గాలి తగ్గింది కానీ మబ్బు దిగి ఉంది. ఆరడుగుల అవతల ఏమీ కనపడలేదు.

అసలు కష్టం అప్పుడు తెలిసింది. సాయిలుకు కాళ్లు ఎక్కడ ఉన్నాయో తెలియడం లేదు. అడుగు నేల మీద పడిందో లేదో తెలియదు. కింద చూస్తే పెద్ద బూట్లు, మంచు, అంతే. నేను చెప్పడం మొదలుపెట్టాను.

"కుడి కాలు పడ్డది. ఇగ ఎడమ ఎయ్యి. ఆగు. ఇంకా జరంత ముందుకు. పడ్డది. ఇగ కుడి."

గంటసేపు అలా నడిచాక అతను ఆగాడు.

"అన్నా, కుడి ఎడమ అనకు. పరేడ్ లెక్కుంది. వలపట, దాపట అను. మా ఎడ్లు గా మాటకే నడుస్తయ్. నేను గూడ నడుస్త."

వలపట అంటే నాగలికి కుడి పక్క కట్టిన ఎద్దు. దాపట అంటే ఎడమ పక్కది. ఆ కొండ మీద, ఆ మబ్బులో, ఎనిమిది గంటలు అవే రెండు మాటలు అన్నాను. వలపట. దాపట. వలపట. దాపట. ముందు నడిచే సిపాయికి అది ఏదో దేవుడి పేరు అనిపించింది. అతనూ అందుకున్నాడు. సాయిలుకు నవ్వు వచ్చింది.

"నన్ను ఎద్దును జేస్తిరి గదనే అందరు గల్సి."

"మంచి ఎద్దువు. కూసుంటలేవు."

"కూసుంటే లేపుతవా అన్నా?"

"లేప. కూసోకు."

రెండుసార్లు పడ్డాడు. రెండుసార్లు లేచాడు. మధ్యాహ్నం పన్నెండింటికి బెల్లం ముక్క ఇచ్చాను. నాలుగు యాభైకి క్యాంపు జెండా కనిపించింది.

కెప్టెన్ డాక్టరు టెంటులో నీళ్ల టబ్బు సిద్ధంగా ఉంచాడు. థర్మామీటరు పెట్టి చూశాడు. ఆ తర్వాత తన మోచేయి కూడా పెట్టి చూసుకున్నాడు. మనిషి ఒంటి వేడి కన్నా కొంచెం ఎక్కువ, అంతే. పాదాలకు స్పర్శ లేని మనిషికి వేడి తెలియదు, కాబట్టి పేషంటును అడగొద్దు, నీ మోచేతిని అడుగు అని నాకు చెప్పాడు. రుద్దొద్దన్నాడు. నొప్పికి సూది ఇచ్చాడు. నలభై నిమిషాలు నీళ్లలో ఉంచాడు. చల్లారిన కొద్దీ మార్చాడు.

గడ్డ కరిగేటప్పుడు నొప్పి వస్తుంది. సూది సరిపోలేదు. సాయిలు పళ్లు బిగించాడు. తర్వాత పళ్లు వదిలేశాడు. "అవ్వా, అవ్వా" అని తల్లిని పిలుస్తూ అరిచాడు. నేను భుజాలు పట్టుకున్నాను. తెల్లటి వేళ్లలో కొన్ని ఎర్రబడ్డాయి. కొన్ని నల్లటి ఊదా రంగులోకి పోయాయి. ఎడమ పాదం బొటనవేలికీ పక్కవేలికీ రంగు తిరిగి వచ్చింది. కుడి పాదానికి రాలేదు.

అంతా అయ్యాక డాక్టరు చేతులు తుడుచుకుని నన్ను అడిగాడు.

"ఆఖరిసారి ఎప్పుడు చూశావు?"

నోట్‌బుక్కు ఇచ్చాను. పేజీలు తిప్పాడు. నిన్నటి తేదీ. సాయిలు పేరు. టిక్కు. మొన్న. టిక్కు.

"నిన్న సాయంత్రం వరకు బాగున్నాయా? ఒక్క రాత్రిలో ఇంత లోతుకు పోయిందా?"

నేను నోరు తెరిచాను. నిజంగా చెబుదామనే తెరిచాను అనుకుంటాను. మంచం మీద నుండి సాయిలు అందుకున్నాడు. మందు మత్తులో ఉన్నాడు. మాట మాత్రం స్పష్టంగా వచ్చింది.

"చూశాడు సాబ్. రోజూ చూశాడు. ఒడిలో పెట్టుకుని చూశాడు."

నేను నోరు మూసుకున్నాను.

డాక్టరు కేసు షీటులో రాశాడు. నిన్న సాయంత్రం నాలుగు గంటల వరకు పాదాలు మామూలుగా ఉన్నవి. నేను చూస్తుండగా రాశాడు. కేసు షీటు పేషంటుతో పాటు పోతుంది. ఆ తర్వాత అతన్ని చూసిన ప్రతి డాక్టరూ ముందు ఆ వాక్యమే చదివి ఉంటాడు. దాని వల్ల ఏ నిర్ణయమైనా మారిందా, ఒక వేలైనా అదనంగా పోయిందా, నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు. అడిగితే తెలిసిపోతుందని భయం. ఇన్నేళ్లలో ఈ సంగతి రాయడం ఇదే మొదలు.

మళ్లీ పోస్టుకు ఎక్కాను. మిగిలిన మూడు నెలలు తొమ్మిది మంది పాదాలు నేనే ఒడిలో పెట్టుకుని చూశాను. జోడీలను నమ్మలేదు. సుబేదారు వద్దన్నా ఆయనవి కూడా పట్టాను. వంట సిపాయి మొదట్లో కాలు వెనక్కి లాక్కునేవాడు. "మళ్లీ నీళ్లు పారబోస్తావా?" అనేవాడు. తర్వాత తనే సాక్సులు విప్పి నా ముందు కూర్చునేవాడు. ఇంకెవరి వేలూ పోలేదు. అది చెప్పుకోవడానికి నాకు నోరు లేదు.

సాయిలును పెద్ద దవాఖానకు పంపారు. చచ్చిన భాగం ఎంతో, బతికిన భాగం ఎంతో వారాలు గడిస్తే కానీ గీత తేలదట. మార్చిలో కోశారు. కుడి పాదం ముందు భాగం మొత్తం. ఎడమ మూడు వేళ్లు. జూన్‌లో అతన్ని ఇంటికి పంపారు. తోడు పోవడానికి సెలవు మీద వెళ్తున్న మనిషి కావాలన్నారు. నేను పేరు ఇచ్చాను.

మూడు రోజులు రైలు. నిజామాబాద్‌లో దిగి బస్సు ఎక్కాం. బాన్సువాడలో మా ఇంటికి పోకుండా ముందు అతన్ని తీసుకుని నస్రుల్లాబాద్ వైపు పోయాను. కాలువకు నీళ్లు ఇంకా వదల్లేదు. ఎండ మండుతోంది. రోడ్డు దిగి ఊరి దాకా నడిచాం. సాయిలు చేతికర్రతో మడమల మీద నడిచాడు. కుడి బూటు ముందు భాగంలో దూది కూరి ఉంది.

"ఇంట్ల ఏం చెప్పినవ్‌రా?" అని అడిగాను.

"కాళ్లకు జర దెబ్బ తగిలిందని రాసిన."

"గంతేనా?"

"నువ్వు రోజు నా కాళ్లు సూస్తున్నవని గూడ రాసిన. గది మా అవ్వకు మస్తు సంతోషమైందట. మా తమ్ముడు రాసిండు."

ఆగి, నిజం మీ ఇంట్లో చెప్పేస్తానని అందామనుకున్నాను. దూరంగా పెద్ద వాకిలి కనిపించింది.

వాకిలి బయట నా కాళ్లు వాటంతట అవే ఆగాయి. సాయిలు తల్లి ఎదురొచ్చింది. లావుపాటి మనిషి. చేతిలో ఇత్తడి చెంబు ఉంది. ముందు కొడుకును కాదు, నన్ను చూసింది.

"నువ్వేనా బిడ్డా? ఆడనే ఆగినవేంది, లోపటికి రా. నా కొడుకు కాళ్లను నీ కాళ్ల లెక్క సూస్కున్నవంట. నీ కడుపు సల్లగుండ."

చెప్పాలంటే అదే సమయం. సాయిలు నా మోచేయి గట్టిగా పట్టుకున్నాడు. చెప్పొద్దని పట్టుకున్నాడో, పడిపోకుండా పట్టుకున్నాడో తెలియదు.

"అవ్వా, నీళ్లు పొయ్యవే. దుమ్ముల నడిసొచ్చినం."

బయటి నుండి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోకుండా ఆ ఇంటి గడప దాటరు. గడప ముందు ఒక బండ పరిచి ఉంది. సాయిలు అరుగు మీద కూర్చుని బూట్లు తనే విప్పాడు. సాక్సులు కూడా తీశాడు. తొందరపడ్డాడు. తర్వాత చేయి గోడకు ఆనించి ఆ బండ మీద నిలబడ్డాడు. ఆమె దగ్గరికి వచ్చింది. ఎనిమిది నెలల తర్వాత చూస్తున్న కొడుకు. ఆమె కళ్లు అతని ముఖం మీదే ఉన్నాయి. కిందికి దిగలేదు.

"గింత బక్కగైనవేంది బిడ్డా? ఆడ బువ్వ పెట్టలేదా నీకు?"

అలా అడుగుతూనే చెంబు వంచింది. ఎన్నేళ్లుగానో పోస్తున్న చెయ్యి. పాదం ఎంత పొడవో చూడకుండానే తెలుసు. వేళ్లు ఉండాల్సిన చోట పోసింది. నీళ్లు ఒట్టి బండ మీద పడ్డాయి.